తంజావూరు రాజా గారి సర్వీసు రిజిస్టరు

ఆ సోమవారం ఉదయం పదకొండు గంటల ఏడు నిమిషాలకు మా ఆఫీసు కంప్యూటరు తెర ఎర్రబడింది.

"మీ కార్యాలయంలో పదవీ విరమణ వయసు దాటినా కొనసాగుతున్న ఉద్యోగులు: 412. వారిలో అత్యధిక వయసు: 208 సంవత్సరాలు. తక్షణ చర్య తీసుకోవలెను."

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. అంకె మారలేదు.

మా కార్యాలయంలో పనిచేసేది ముగ్గురం. సీనియర్ అసిస్టెంటుగా నేను, పేరు సుదర్శనం. గేటు దగ్గర వాచ్‌మన్ జోగులు. లోపల ఆదెమ్మ. క్యూరేటరు పోస్టు పదకొండేళ్లుగా ఖాళీ కాబట్టి ఇన్‌చార్జి కూడా నేనే. మిగతా నాలుగు వందల పన్నెండు మందీ గాజు బీరువాల్లో ఉన్నారు. మాది కొత్తరేవులోని రాష్ట్ర బొమ్మల ప్రదర్శనశాల.

పొరపాటు యాభై ఏళ్ల కిందటిది. మొదటి క్యూరేటరు పరంధామయ్య గారు బొమ్మల వివరాలు రాయడానికి ఐదు వందల నమోదు పుస్తకాలు కావాలని స్టేషనరీ డిపోకి రాశారు. డిపో వాళ్లు ఐదు వందల ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు పంపారు. తిప్పి పంపాలంటే ఒక ఫారం నింపాలి. ఆ ఫారం డిపోలో అయిపోయింది. పరంధామయ్య గారు నిబంధనలంటే ప్రాణం పెట్టే మనిషి. వచ్చిన కాగితాన్ని వృథా చేయకూడదని ఒక్కో బొమ్మకు ఒక్కో సర్వీసు రిజిస్టరు తెరిచి, ఏ గడీ ఖాళీగా వదలకుండా నింపేశారు.

మొదటి రిజిస్టరు తంజావూరు తలాడించే బొమ్మది. కిరీటం, కోరమీసం, గుండ్రటి పీఠం ఉన్న మట్టి రాజు. తలను విడిగా చేసి తీగ మీద నిలబెట్టారు. పక్కన ఎవరు గట్టిగా అడుగు వేసినా తలాడిస్తాడు. అందులో ఇలా ఉంది: "పేరు: తంజావూరు రాజా. తండ్రి: కుమ్మరి అంకప్పన్. ఎత్తు: పదకొండు అంగుళాలు. పుట్టుమచ్చలు: ఎడమ చెంప మీద ఒకటి (రంగు లేచినది). చదువు: లేదు. స్వభావం: అంగీకరించేది."

తిరుపతి నుంచి వచ్చిన ఎర్రచందనం జంట దగ్గర "వివాహితులు. జీవిత భాగస్వామి పనిచేయు చోటు: పక్కనే" అని ఉంది. ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యా బొమ్మ దగ్గర "ఆధారపడినవారు: ఆరుగురు. నివాసం: లోపలే" అని రాశారు. ఎర్రగా, గుమ్మడికాయలా గుండ్రంగా ఉండే జపాను కాగితపు గుజ్జు బొమ్మ దగ్గర "కాళ్లు: లేవు. చేతులు: లేవు. కళ్లు: ఇంకా వేయలేదు" అని ఉంది.

పోయిన ఏడాది శాఖలోని రిజిస్టర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. ఎక్కించినవాళ్లు చదవలేదు. కంప్యూటరు చదివింది.

* * *

గురువారం హెడ్డాఫీసు నుంచి డైరెక్టరు కోదండపాణి గారు జీపులో దిగారు. చేతిలో కంప్యూటరు ఇచ్చిన జాబితా, జేబులో పచ్చ సిరా పెన్ను.

"ఏమయ్యా సుదర్శనం, నూట నలభై ఎనిమిదేళ్లు అదనంగా సర్వీసులో కొనసాగిన ఉద్యోగి నీ కార్యాలయంలో ఉన్నాడన్న విషయం నా దృష్టికి తీసుకురాబడింది. ఎక్కడ?"

చూపించాను.

ఆయన రాజా గారి ముందు నిలబడి పై నుంచి కింది దాకా చూశాడు. పదకొండు అంగుళాలే కాబట్టి ఎంతోసేపు పట్టలేదు.

"సార్, ఇది బొమ్మండి."

"బొమ్మా, మనిషా అన్నది మన శాఖ పరిధిలో లేని అంశం. రికార్డు ఏమంటోంది?"

"ఉద్యోగి అంటోందండి."

"రికార్డుకూ వాస్తవానికీ తేడా వచ్చినప్పుడు ఏం చేయాలి?"

"రికార్డు సరిదిద్దాలండి."

"వాస్తవాన్ని సరిదిద్దాలయ్యా! రికార్డు సరిదిద్దాలంటే ఆరు శాఖల సమ్మతి కావాలి. వాస్తవానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు."

"కానీ సార్, ఇన్నేళ్లలో వీళ్లు ఒక్క నెల కూడా జీతం తీసుకోలేదండి."

"అదే నాకు అనుమానంగా ఉంది," అని ఆయన రాజా గారి వైపు వంగాడు. "మీ వయసు రెండు వందల ఎనిమిది అన్నది వాస్తవమేనా?"

చెక్క నేల మీద డైరెక్టరు గారి బూటు టక్కుమంది. రాజా గారు తలాడించారు.

"ఒప్పుకున్నాడు. నోట్ చేసుకో."

తర్వాత రష్యా ఆవిడ వంతు. ప్రత్యక్ష తనిఖీ అంటూ ఆయన బొమ్మను తిప్పి తెరిచాడు. లోపల ఇంకొకావిడ. ఆవిడలో మరొకావిడ. నాలుగో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆయన నుదుట చెమట పట్టింది.

"ఒక్క పోస్టులో ఏడుగురా!"

"ఆధారపడినవాళ్లని రాసి ఉందండి."

"ఆధారపడినవారు ఇంట్లో ఉండాలి. డ్యూటీలో కాదు!"

ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. నాలుగు వందల పన్నెండు మందీ ఈ నెల ముప్పై ఒకటిన సాయంత్రం నాలుగు గంటలకు పదవీ విరమణ చేయవలెను. అదే గంటకు తమ అధీనంలోని ప్రభుత్వ గాజు వసతిని ఖాళీ చేయవలెను. స్వస్థలాలు తేలేవరకు అందరినీ ఊరి చివరి పాత గోనెల గోదాములో ఉంచవలెను.

ఉత్తర్వు గట్టిగా చదువుతుంటే ఆదెమ్మ చేతిలోని కుంచె ఆగిపోయింది.

ఆదెమ్మకు యాభై నాలుగేళ్లు. ఇరవై ఏడేళ్లుగా ఈ బొమ్మల పగుళ్లు పూడ్చి, రంగులు దిద్ది, ముక్కులు అతికిస్తోంది. వాళ్ల నాన్న లక్కబొమ్మలు తిప్పేవాడు. ఆయన చేతి బొమ్మ లోకంలో ఒక్కటే మిగిలింది. మా నాలుగో బీరువాలో, రెండో అరలో ఉన్న పసుపు లక్క పెళ్లికూతురు. దానికీ అరవై దాటాయి.

"గోనెల గోదామా బాబూ?" అంది. "అక్కడ పోయినేడు పంచాయితీవోళ్లు కర్రబీరువా ఎట్టారు. ఇప్పుడు తాళం ఒక్కటే మిగిలుంది. కర్రబొమ్మల్ని సెద తింటాది. మట్టిబొమ్మల్ని సెమ్మ తింటాది. నెల తిరక్కుండా ఈళ్లందరూ బూడిదే."

"ఏదో ఒకటి చేద్దాం ఆదెమ్మా."

"ఏటి సేత్తారు?"

అప్పటికి నాకూ తెలియదు. ఇరవై ఆరు రోజులున్నాయి.

* * *

ముందు పుట్టిన తేదీలు సవరించమని అర్జీ పెట్టాను. ఉద్యోగి చేరిన ఐదేళ్లలోపు స్వహస్తాలతో దరఖాస్తు చేసి ఉండాలని జవాబొచ్చింది.

తర్వాత సర్వీసు పొడిగింపు అడిగాను. దానికి వైద్య పరీక్ష తప్పనిసరి అన్నారు. ప్రభుత్వాసుపత్రి నుంచి ఒక డాక్టరు గారు వచ్చి రెండు రోజులు కూర్చుని అందరినీ పరీక్షించారు. మంచి మనిషి. నివేదికలో ఇలా రాశారు: "గుండె చప్పుడు వినిపించలేదు. వయసు రీత్యా సహజం. రక్తపోటు లేదు. చక్కెర లేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇంతమంది నిశ్చింతగా కనిపించడం నా సర్వీసులో ఇదే మొదటిసారి."

నాకు ఆశ పుట్టింది. మూడో రోజు హెడ్డాఫీసు తిరస్కరించింది. కారణం ఒక్క వాక్యం: జపాను ఉద్యోగికి కళ్లు లేవు, కావున జట్టు మొత్తం అనర్హం.

"కళ్లే కదా," అని ఆదెమ్మ నల్ల రంగులో కుంచె ముంచింది.

ఆ బొమ్మకు ఒక పద్ధతి ఉంది. బీరువా మీద అట్టముక్కకు రాసి అంటించి ఉంటుంది. కళ్లు లేకుండానే అమ్ముతారు. కొన్నవాళ్లు ఒక కోరిక కోరుకుని ఒక కన్ను వేస్తారు. కోరిక తీరాక రెండోది వేస్తారు. మా ఆఫీసులో కోరిక కోరే అధికారం ఎవరికుందో తేలక ఇన్నేళ్లలో ఎవరూ కళ్లు వేయలేదు.

ఆదెమ్మ కళ్లు మూసుకుని తెరిచి, బొమ్మకు ఒక కన్ను దిద్దింది.

"ఏం కోరుకున్నావు?"

"ఈళ్లు ఈ అద్దాల్లోంచి కదలకూడదని."

"రెండోది కూడా వేసెయ్. కళ్లున్నాయని మళ్లీ రాస్తాను."

"తీరకుండా ఎలగేత్తాను బాబూ? బొమ్మని మోసం సెయ్యకూడదు."

ఈలోగా పరిస్థితి చేయి దాటింది. నెలాఖరుకు నాలుగు వందల పన్నెండు పోస్టులు ఖాళీ అవుతాయని కంప్యూటరు తనంతట తనే నియామక ప్రకటన విడుదల చేసింది. పోస్టు పేరు: బొమ్మ. అర్హత: ఏదైనా డిగ్రీ. ఎత్తు: తొమ్మిది నుంచి పధ్నాలుగు అంగుళాలు, వెనుకబడిన ప్రాంతాల అభ్యర్థులకు సడలింపు. విధులు: రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా నిలబడుట.

వారం తిరిగేసరికి డెబ్భై వేల దరఖాస్తులు వచ్చాయి. మా గేటుకు ఎదురుగా ఒక కోచింగ్ సెంటరు వెలిసింది. పొద్దున్న ఆఫీసుకు వస్తుంటే డాబా మీద రెండు వందల మంది కుర్రాళ్లు రెప్ప వేయకుండా నిలబడి కనిపించేవాళ్లు. మాస్టారు మైకులో అరిచేవాడు: "మూడో వరస! ఊపిరి కనిపిస్తోంది! ఊపిరి కనిపిస్తే మైనస్ మార్కు!"

జోగులు తన కొడుకును కూడా చేర్పించాడు.

"ఎత్తు ఐదడుగుల ఎనిమిది కదయ్యా," అన్నాను.

"సడలింపు ఉందన్నారు కదండీ."

* * *

పదిహేడో తారీకున ఆదెమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, మా పెద్దబావ సంగతి మీకు సెప్పేనా?"

"ఏ పెద్దబావ?"

"పారెస్టు గార్డు. ఏదో సెట్టు పోయిందని సస్పెండు సేసేరు. పదకొండేళ్లు. ఊరి పొలిమేర దాటనివ్వలేదు. సొంత మేనకోడలి పెళ్లి పక్కూర్లో జరిగితే ఎల్లలేదు. 'ఎందుకు బావా?' అంటే, 'సస్పెన్సన్లో ఉన్నోడు హెడ్‌క్వార్టర్సు ఇడిసి ఎల్లకూడదే' అనీవోడు. ఇసారణ తెమిలితే కదా! ఇప్పటికీ అక్కడే ఉన్నాడు."

టీ గ్లాసు పక్కన పెట్టాను.

నిబంధనల పుస్తకం తీశాను. ఉంది. సస్పెన్షన్ ఉత్తర్వు నమూనాలో చిట్టచివరి పేరా. "సస్పెన్షన్ కాలంలో సదరు ఉద్యోగి ముందస్తు అనుమతి లేనిదే హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు."

బొమ్మ హెడ్‌క్వార్టర్స్ ఏది? రిజిస్టరు తెరిచాను. పరంధామయ్య గారి ముత్యాల్లాంటి చేతిరాత. "హెడ్‌క్వార్టర్స్: మొదటి బీరువా, పై అర."

"ఆదెమ్మా," అన్నాను మెల్లగా, "వీళ్లను డైరెక్టరు గారే సస్పెండు చేయాలి. రిటైరయ్యేలోపు చేయాలి. నాలుగు గంటలు దాటితే వీళ్లు ఉద్యోగులే కారు. కానీ వీళ్ల మీద ఏం నేరం మోపుతాం? వీళ్లు ఏమీ చేయలేదే!"

"ఏటీ సెయ్యకపోడం నేరం కాదేటి బాబూ, గవర్నమెంటులో?"

మర్నాడు డైరెక్టరు గారి రెండో తనిఖీ. ఆయన హాల్లోకి రాగానే నేనూ జోగులూ లేచి నిలబడ్డాం. ఆదెమ్మ కుంచె పక్కన పెట్టి లేచింది. ఆయన బీరువాలన్నీ చుట్టి తిరిగి వచ్చాక చేతులు కట్టుకుని అంది.

"సారూ, నానొకటి అడగొచ్చా?"

"అడగబడవచ్చు."

"తమరు ఇంత పెద్దోరు కదా. తమరొచ్చినపుడు మేం ముగ్గురం లేచేం. ఈళ్లలో ఒక్కరూ లేవలేదేటండి?"

డైరెక్టరు గారు వెనక్కి తిరిగారు. నాలుగు వందల పన్నెండు మంది ఆయన్నే చూస్తున్నారు. సగం మంది కూర్చునే ఉన్నారు. ఒక కొండపల్లి దొర ఏకంగా అంబారీ మీద ఉన్నాడు.

"పోయినసారి కూడా?" అన్నాడాయన.

"పోయినసారి కూడానండి," అన్నాను.

ఆయన మెడ ఎర్రబడింది. "మెమో!"

అంతే. అక్కడే కూర్చుని నాలుగు వందల పన్నెండు మెమోలు తయారుచేశాం. "పై అధికారి రాకను గమనించియు లేచి నిలబడక, క్రమశిక్షణా రాహిత్యమునకు పాల్పడినందున, ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను." ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి నిలబెట్టాం. రష్యా ఆవిడకు మాత్రం అదనంగా ఆరు ఇవ్వాల్సి వచ్చింది. ఆఖరి మెమో బొమ్మ కంటే పెద్దది.

ఏడు రోజులు గడిచాయి. ఒక్క సంజాయిషీ రాలేదు. నివేదిక పంపాను.

ఇరవై ఎనిమిదిన జవాబొచ్చింది. రెండుసార్లు చదివాను. "సదరు ఉద్యోగులు ఎలాగూ విరమించుచున్నందున, మానవతా దృక్పథంతో చర్యలు విరమించుకోవడమైనది. వీడ్కోలు సభ ఘనంగా ఏర్పాటు చేయవలెను."

ఆయనకు జాలి వేసింది. నా సర్వీసులో ఒక పై అధికారికి జాలి వేయడం అదే మొదలు. అదీ ఆ రోజే వేయాలా?

* * *

ముప్పై ఒకటి. మధ్యాహ్నం మూడు గంటలు.

గేటు బయట లారీ ఆగి ఉంది. లోపల గడ్డి పరిచిన చెక్క పెట్టెలు. హాల్లో షామియానా గుడ్డ, మైకు, ముందు వరసలో ఊరి పెద్దలు. వెనక కోచింగ్ సెంటరు కుర్రాళ్లు కదలకుండా నిలబడ్డారు. ఆదెమ్మ రెండు శాలువాలను ముక్కలు చేసి అందరికీ కప్పింది. అంబారీ దొరకు ఒకటి, ఏనుగుకు ఒకటి. ఎవరి మెడలో చూసినా ఒక్కో మల్లెమొగ్గ దండ.

మూడున్నరకు డైరెక్టరు గారు మైకు అందుకున్నారు.

"ఈనాడు మనమధ్య నుంచి నాలుగు వందల పన్నెండు మంది విరమిస్తున్నారు. వీరు ఏనాడూ సెలవు కోరలేదు. బదిలీ కోరలేదు. సంఘం పెట్టలేదు. ఆఫీసు వేళల్లో టీకి బయటికి పోలేదు." ఆయన రాజా గారి వైపు తిరిగారు. "ఇటువంటి సిబ్బంది ఇక రారు. ఇప్పుడు ఆనవాయితీ ప్రకారం, విరమిస్తున్నవారి తరఫున పెద్దలు, తంజావూరు రాజా గారు రెండు మాటలు మాట్లాడతారు."

మైకును రాజా గారి ముందుకు దించారు.

మూడు ముప్పై ఎనిమిది. మైకులో గాలి శబ్దం తప్ప ఏమీ లేదు.

ఊరి పెద్దలు దగ్గారు. డైరెక్టరు గారు చిరునవ్వుతో ఎదురుచూశారు. నిమిషం. రెండు నిమిషాలు. చిరునవ్వు అంచుల్లో వాడసాగింది.

ఆదెమ్మ ఆయన పక్కకు చేరింది. "తప్పు సారూ, నాను సెప్పకూడదు గానీ..."

"చెప్పబడవచ్చు."

"మెమో ఇత్తే జవాబు లేదు. మైకు ఇత్తే మాట లేదు. తమరు జాలిపడి వొగ్గీసేరు కదా, అది అలుసైపోనాది. తమరంటే ఈళ్లకి లెక్క లేదండి."

"అలా అనకు. పెద్దవారు." ఆయన వంగి రాజా గారినే అడిగాడు. మైకు ఆన్‌లోనే ఉంది. ఊరంతా వినిపించింది. "ఏమండీ? నేనంటే మీకు లెక్క లేదా?"

ఆదెమ్మ మడమతో చెక్క నేల మీద ఒక్కటి వేసింది.

రాజా గారు తలాడించారు. మీసం కదిలేలా, నిండుగా, పదిసార్లు.

కోచింగ్ సెంటరు కుర్రాళ్లు ఘొల్లున నవ్వారు. మూడో వరస మొత్తానికి మైనస్ మార్కులు పడ్డాయి.

"సస్పెండ్!" అన్నారు డైరెక్టరు గారు. "అందరినీ! ఇప్పుడే! ఉత్తర్వు టైపు చెయ్యి!"

"చేసి ఉందండి," అని సొరుగులోంచి తీశాను. ఒకే ఉత్తర్వు, వెనక జతపరచిన జాబితా. అన్ని పేర్లూ ఉన్నాయి.

మూడు యాభై రెండు.

ఆయన జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద ఆన్చాడు. గీత పడలేదు. విదిలించాడు. మళ్లీ ఆన్చాడు. పడలేదు.

"సార్, నా నీలం పెన్ను..."

"నీలమా! శాఖాధిపతి సంతకం పచ్చ సిరాలో లేని ఉత్తర్వు చెల్లనేరదు!"

జోగులు పచ్చ పెన్ను కోసం బజారుకు పరుగెత్తాడు. బజారు కిలోమీటరు. మూడు యాభై ఐదు. బయట లారీ డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. మూడు యాభై ఆరు. డైరెక్టరు గారి కోపం చల్లారడం నా కళ్లకు కనబడుతోంది. "పోనీలే, ఎలాగూ విరమిస్తున్న..." అని ఆయన నోరు విప్పుతుండగా ఆదెమ్మ కొబ్బరి చిప్పతో వచ్చింది. చిప్పలో చిలకపచ్చ రంగు, అందులో కుంచె.

"సిలకలకేసే రంగండి. పచ్చే."

ఆయన రంగును చూశాడు. కాగితాన్ని చూశాడు. రంగు విషయంలో నిబంధన ఉంది గానీ కుంచె విషయంలో లేదు. ముంచి సంతకం చేశాడు. కోదండపాణి అన్న పేరులోని దీర్ఘం చివర ఒక బొట్టు జారి కాగితం అంచు దాకా పోయింది.

మూడు యాభై ఎనిమిది.

నేను మైకు అందుకుని ఉత్తర్వు మొత్తం చదివాను. చివరి పేరా దగ్గర కాస్త నిదానించాను. "...హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు. హెడ్‌క్వార్టర్స్ అనగా, సర్వీసు రిజిస్టరులో నమోదైన బీరువా మరియు అర."

డైరెక్టరు గారు అప్పుడు నా వైపు చూశారు. తర్వాత ఆదెమ్మ వైపు. తర్వాత గేటు బయటి లారీ వైపు.

"విరమణ సంగతి?" అన్నారు.

"విచారణ పూర్తయ్యేవరకు ఆగుతుందండి. వద్దంటే, సస్పెన్షన్ ఎందుకు ఎత్తివేస్తున్నారో కారణం తమరు రాతపూర్వకంగా రాయాలండి."

ఆయన ఆ కారణాన్ని మనసులో ఒకసారి రాసి చూసుకున్నట్టున్నారు. వెళ్లి జీపెక్కారు. లారీ ఖాళీగా తిరిగిపోయింది. పోస్టులు ఖాళీ కాలేదు కాబట్టి నియామక ప్రకటన రద్దయింది. కోచింగ్ సెంటరు మాస్టారు మా గేటు ముందు ధర్నా చేశాడు. ధర్నాలో ఎవరూ కదలకపోవడంతో అది ధర్నా అని ఎవరికీ తెలియలేదు.

"ఇక రెండో కన్ను వేసెయ్," అన్నాను ఆదెమ్మతో.

"ఇసారణ ఉంది కదా బాబూ. తెమిలిందంటే మళ్లీ లారీ వొత్తాది. ఇప్పుడే ఎయ్యకూడదు."

* * *

విచారణాధికారి ఎనిమిది నెలలు వచ్చివెళ్లాడు. ఒక్కో బొమ్మనూ పేరు పిలిచి, నేరం చదివి, ఐదు నిమిషాలు ఆగి, "నిందితుడు మౌనం వహించెను" అని రాసుకునేవాడు. తొమ్మిదో నెలలో నివేదిక పూర్తయింది. డైరెక్టరు గారి బల్ల మీదికి వెళ్లింది. ఆయన ఒక్క సంతకం పెడితే విచారణ ముగుస్తుంది. గోదాములో చెదలు ఇంకా ఉన్నాయి.

ఆ వారంలోనే డైరెక్టరు గారు జీపు లేకుండా, ఆటోలో వచ్చారు. నా ఎదుట కూర్చుని మంచినీళ్లు అడిగారు.

"సుదర్శనం, ఈ నెల ముప్పైన నేను విరమించబడుతున్నాను."

"తెలుసండి."

"నాకు ఇష్టం లేదయ్యా." ఆ వాక్యంలో 'బడు' లేదు. నాకు భయం వేసింది. "పొద్దున్న లేచి ఎవరికి మెమో ఇవ్వను? మా ఆవిడకా? ఆవిడ తిరిగి ఇస్తుంది. అందుకని... నన్ను కూడా సస్పెండు చేయించే ఏర్పాటు..."

ఆదెమ్మే దారి చెప్పింది. ఆయన అడిగి మరీ సెక్రటరీ గారి నుంచి మెమో తెప్పించుకున్నారు. నేరం: ప్రభుత్వ ఉత్తర్వుపై చిలక రంగుతో సంతకం. సంజాయిషీకి గడువు ఏడు దినములు.

"ఇంకేం సారూ," అంది ఆదెమ్మ. "ఏడ్రోజులు జవాబియ్యకండి. అంతే. ఈళ్లు సేసింది అదే."

ఆయన సెలవు పెట్టి రోజూ మా హాలుకే వచ్చి, రాజా గారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అభ్యాసం కోసం. మొదటి రోజు బాగానే గడిచింది. మూడో రోజు మెమో తీసి చదువుకోవడం మొదలుపెట్టారు. ఐదో రోజు పెదాలు కదలసాగాయి. ఆరో రోజు మధ్యాహ్నం హఠాత్తుగా లేచారు.

"మూడో పేరాలో సూచిక నంబరు తప్పయ్యా! 417 అని ఉంది. అది 471!"

"సార్, వద్దండి."

"తప్పును తప్పని చెప్పకుండా ఎలా ఉంటాను!"

"సారూ, రాజుగార్ని సూడండి. బొమ్మని అట్టుకుని కంప్యూటరు ఉజ్జోగి అనేసింది. ఏటైనా అన్నారా?"

ఆయన అప్పటికే కాగితాలు అడుగుతున్నారు. సాయంత్రానికి పధ్నాలుగు పేజీల సంజాయిషీ, తొమ్మిది అనుబంధాలు సిద్ధమయ్యాయి. చదివిన సెక్రటరీ గారు ఎంత ముచ్చటపడ్డారంటే, నేరారోపణ రద్దు చేసి, ముప్పైన సాయంత్రం నాలుగు గంటలకు సగౌరవంగా విరమించవచ్చని మరునాడే రాశారు.

వీడ్కోలు సభ మా హాల్లోనే కావాలని ఆయనే కోరారు. శాలువా, దండ, గోడ గడియారం. రెండు మాటలు మాట్లాడమంటే గంటన్నర మాట్లాడారు. ఊరి పెద్దలు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరిదాకా తలాడించింది రాజా గారొక్కరే.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా ఆయన సంచిలోంచి ఒక దళసరి ఫైలు తీశారు. బొమ్మల విచారణ నివేదిక. ఆదెమ్మ ముఖం పాలిపోయింది.

"ఆరు రోజులు కూర్చుని చూశానమ్మా," అన్నారాయన. "వీళ్లు చేస్తున్నది సామాన్యమైన పని కాదు. నా వల్ల కాలేదు."

పెన్ను తీశారు. ఈసారి సిరా ఉంది. నివేదిక అట్ట మీద పచ్చగా రాశారు: "ఆమోదించబడలేదు. నిందితులందరి నుంచి రాతపూర్వక సంజాయిషీ అందేవరకు విచారణ కొనసాగించవలెను."

ఆదెమ్మ నల్ల రంగు చిప్ప తెచ్చుకుని, జపాను బొమ్మను ఒళ్లో పెట్టుకుని, రెండో కన్ను దిద్దింది.

నాలుగు కొట్టింది. ఆయన గోడ గడియారం చంకన పెట్టుకుని గుమ్మం దాకా నడిచి, ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. నేనూ, జోగులూ, ఆదెమ్మా లేచి నిలబడ్డాం. బీరువాల్లో ఒక్కరూ లేవలేదు. ఆయన గమనించారు. గమనించనట్టే ఆటో ఎక్కారు.